ఆయమ్మకి ఎవరు నేర్పాలి?

పోయిన వారం డేకేర్‌కి కాస్త ముందే వెళ్లాను, మారతహళ్లిలో మా వీధి చివరే. గదిలో పద్దెనిమిది మంది పిల్లలు, ఇద్దరే ఆయమ్మలు. మదనపల్లె నుంచి వచ్చినావిడ మా పాపని ఒంటి చేత్తో, మణికట్టు దగ్గర పట్టుకుని పైకి లాగింది. కోపంతో కాదు, ఇంకో చంకలో ఇంకో బిడ్డ ఉంది మరి. రెండేళ్ల పిల్లల్ని అలా లాగితే మోచేతి ఎముక పట్టు తప్పొచ్చు. "అట్లా ఎత్తకమ్మా" అన్నాను. "నాకెవరు చెప్పినారు మేడమ్?" అంది. నిజమే కదా, ఎవరు చెప్పారు?

మా ఆయన ఆఫీసు పని మీద మేం జపాన్‌లోని నగోయాలో ఉన్నప్పుడు పక్క ఫ్లాట్ అమ్మాయి ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో పిల్లల సంరక్షణ కోర్సు చదివేది. మన ఇంటర్ కాలేజీ అనుకునేరు, కాదు, పన్నెండో తరగతి అయ్యాక చేరేది, మామూలుగా రెండేళ్లు. ఈ జూనియర్ కాలేజీల్లో ఎక్కువ శాతం ప్రైవేటువే. గుర్తింపు ఉన్న కోర్సు పూర్తిచేస్తే వేరే పరీక్ష లేకుండానే 'హోయికుషి' అర్హత, అంటే డేకేర్ టీచరు అర్హత వస్తుంది. చాలామంది దాంతోపాటే కిండర్‌గార్టెన్ టీచర్ లైసెన్సు కూడా తెచ్చుకుంటారు.

ఆ అమ్మాయి మా ఇంట్లో ఓసారి చూపించింది, దాదాపు మూడు కిలోల బరువుండే బొమ్మకి స్నానం ఎలా చేయించాలో. ఎడమ అరచేయి తల కింద, వేళ్లు చెవుల వెనక, నీళ్లు ముందు పాదాలకి, అలా. పియానో కూడా నేర్చుకోవాలి, పిల్లలతో పాడించాలి కాబట్టి. డేకేర్లలోనే కాదు, అమ్మానాన్నల దగ్గర ఉండలేని పిల్లల హోముల్లో కూడా ట్రైనింగ్‌కి వెళ్లేది. రాత్రి పొద్దుపోయేదాకా కూర్చుని ఆ రోజు ఏ పిల్లాడు ఎందుకేడ్చాడు, తనేం చేసింది, ఇంకెలా చేసుండొచ్చు అని చేత్తో రాసేది. మర్నాడు అక్కడి సీనియర్ టీచర్ దాన్ని చదివి దిద్దేది.

అక్కడ ఏడాది లోపు పిల్లలైతే ముగ్గురికి ఒకరు, ఒకటి రెండేళ్ల వాళ్లైతే ఆరుగురికి ఒకరు ఉండాలని రూలు. పిల్లలు పుట్టడమే తగ్గిపోయి ఈ కాలేజీలు ఒక్కొక్కటే మూతపడుతున్నాయి, 1996లో 600 దగ్గర ఉన్న జూనియర్ కాలేజీలు ఇప్పుడు సగమే. వింటే బాధేస్తుంది, మన దగ్గర పిల్లలకి కొదవ లేదు, నేర్పేవాళ్లే లేరు.

నిన్న ఆయమ్మతో కాసేపు కూర్చున్నాను. రెండు చేతులూ చంకల కింద పెట్టి ఎత్తడం చూపించాను. వెంటనే పట్టేసింది, రెండో ఆయమ్మని పిలిచి తనే చూపించింది. బెంగళూరులో ఇలాంటివాళ్లు ఆదివారాల్లో వెళ్లి, తెలుగులోనో కన్నడలోనో నేర్చుకోగలిగే కోర్సు ఏదైనా మీకు తెలిస్తే చెప్పండి. ఫీజు నేను కడతాను.