పార పక్కన పెట్టాను
అమెరికాలోని బఫెలోలో ఈరీ సరస్సు మీదుగా గాలి వీచిందంటే తెల్లవారేసరికి వాకిలి మంచు కింద మాయం. ఈసారి స్నోబ్లోయర్, అంటే మంచును లాగి పక్కకు చిమ్మే యంత్రం, తీశాను. ఇంజను చల్లగా ఉండగానే, ఆరుబయట పెట్రోలు పోశాను. 10 శాతానికి మించి ఇథనాల్ కలిసినది దీనికి పడదు. చోక్ మూసి, ఇంజనులోకి పెట్రోలు ఎక్కించే రబ్బరు బుడ్డను రెండు మూడు సార్లు నొక్కి తాడు లాగితే గర్రుమంది. వేడెక్కేకొద్దీ చోక్ మెల్లగా తెరవాలి. ఒక పిడి నొక్కితే చక్రాలు కదులుతాయి, రెండోది నొక్కితే మంచును లాక్కునే మర తిరుగుతుంది. రెండు పిడులూ వదిలేస్తే చక్రాలూ, మరా ఆగిపోతాయి. ఈ ఏర్పాటు నాకు భలే నచ్చింది.

మంచును బయటికి చిమ్మే గొట్టంలో తడిమంచు ఇరుక్కుంటే మాత్రం ఇంజను ఆపి, కర్రతోనే పొడవాలి. ఆపినా లోపలి రెక్కల్లో బిగువు మిగిలి ఉండవచ్చు. చెయ్యి పెడితే వేళ్లు దక్కవు. అన్నట్టు, గొట్టం ఎటు తిరిగి ఉందో ముందే చూసుకోండి. పక్కింటాయన కారు ఇంకా అక్కడే ఉంది మరి!