మిల్నర్ పాస్ దాకా అమ్మతో

2023 జూలైలో ఒక శనివారం తెల్లవారుజామున నాలుగింటికే అమెరికాలోని డెన్వర్‌లో బయల్దేరాం. నేను, మా ఆయన, రాజమండ్రి నుంచి వచ్చిన అమ్మ. రాకీ మౌంటెన్ నేషనల్ పార్కులో బేర్ లేక్ వైపు వెళ్లాలంటే ఆ వేసవిలో ముందే స్లాట్ బుక్ చేసుకోవాలి. జూన్ 1న పొద్దున్నే కంప్యూటర్ ముందు కూర్చుని, అందరికంటే ముందున్న స్లాట్లలో ఒకటి పట్టాను. ఎస్టెస్ పార్క్ ఊరు దాటేసరికి తెల్లారింది.

అమ్మకి మోకాళ్ల నొప్పులున్నాయి. కానీ నా భయమంతా ఎత్తు గురించే. బేర్ లేక్ 9,475 అడుగుల మీద ఉంది, తిరుమల కొండకి దాదాపు మూడింతలు. "అలిపిరి మెట్లెక్కినట్టే ఎక్కుదాంలేవే, తొందరేముంది" అంది అమ్మ. అలాగే ఎక్కింది. నాలుగడుగులు వేయడం, ఆయాసం తీరేదాకా నిలబడడం, మళ్లీ నాలుగడుగులు. నింఫ్ లేక్‌కి అర మైలే, మాకు ముప్పావుగంట పట్టింది. నీళ్లంతా పరుచుకున్న కలువాకులు, మధ్యలో గిన్నెల్లాంటి పసుపు పూలు. అమ్మ ఒక దుంగ మీద కూర్చుని, ఇక కదలనంది. ఆమెకి తోడుగా మా ఆయన ఉండిపోతే, నేనొక్కదాన్నే డ్రీమ్ లేక్ దాకా వెళ్లొచ్చాను. హాలెట్ శిఖరం, దాని పగుళ్లలో కరగని మంచు, నీళ్లలో దాని నీడ. ఫొటోలు బాగానే వచ్చాయి. అయినా ఆ రోజంటే నాకు గుర్తొచ్చేది అది కాదు.

జూలైలో అక్కడ మధ్యాహ్నం దాటితే పిడుగుల వానలు. చెట్లు లేని ఎత్తులో అప్పుడు ఉండకూడదు. అందుకని పది కాకముందే ట్రెయిల్ రిడ్జ్ రోడ్డెక్కేశాం. 1932లో పూర్తయిన ఈ రోడ్డు 12,183 అడుగుల దాకా ఎక్కుతుంది. చలికాలమంతా మంచు కింద మూసే ఉంటుంది. ఎక్కేకొద్దీ చెట్లు పొట్టివైపోయాయి, గాలికి ఒకే పక్కకి కొమ్మలు వేసి వంగిపోయాయి, ఆఖరికి ఒక్కటీ లేదు. రాళ్లు, గడ్డి, ఆకాశం. రాక్ కట్ దగ్గర దిగి కొంచెం దూరం నడిచాం. నేలకి అతుక్కుని, అరచేయంత మెత్తలాంటి మొక్క మీద నిండా గులాబీ రంగు చిన్న చిన్న పూలు. మాస్ క్యాంపియన్ అంటారట. అక్కడ ఎదిగే కాలం కొన్ని వారాలే, అందుకే ఆ మొక్క పూతకి రావడానికే ఏళ్లు పడుతుంది. జనం దారి వదిలి తొక్కుతూ పోతే ఆ నేల కోలుకోవడానికి దశాబ్దాలు కావాలి. ఫొటో కోసం పిల్లల్ని సరిగ్గా ఆ పూల మీదే నిలబెట్టిన ఒక కుటుంబాన్ని చూసి నాకు ప్రాణం ఉసూరుమంది. దయచేసి దారి మీదే నడవండి.

ఆల్పైన్ విజిటర్ సెంటర్ దగ్గర కార్లోనే పులిహోర తిన్నాం. కింద లోయలో పెద్ద దుప్పుల్లాంటి ఎల్క్ మంద మేస్తోంది. అక్కడి నుంచి కొద్ది మైళ్లు దిగితే మిల్నర్ పాస్ అనే కనుమ, నీళ్లు రెండు వైపులకి విడిపోయే గట్టు. ఎత్తు 10,758 అడుగులు. చాలామంది బోర్డు దగ్గర ఫొటో దిగి వెళ్లిపోతారు. నేను అమ్మకి విడమరిచి చెప్పాను. ఈ గట్టుకి ఇటు పడిన చినుకు పూడ్రే నదిలో కలిసి, ప్లాట్, మిస్సోరి, మిసిసిపీ మీదుగా అట్లాంటిక్ వైపు పోతుంది. అటు పడింది కొలరాడో నదిది, పసిఫిక్ వైపు.

"త్ర్యంబకం లాగానేగా!" అంది అమ్మ వెంటనే. నాకు తట్టనే లేదు. గోదావరి పుట్టిన బ్రహ్మగిరికి అరేబియా సముద్రం 80 కిలోమీటర్లే. అయినా అటు పోకుండా, కొండకి ఇవతల పుట్టినందుకు 1,465 కిలోమీటర్లు నడిచి మన రాజమండ్రికొచ్చి, బంగాళాఖాతంలో కలుస్తుంది. అమ్మ అక్కడికీ వెళ్లింది, ఇక్కడికీ వచ్చింది.

పక్కనే పూడ్రే లేక్. అమ్మ జాగ్రత్తగా వంగి, వేళ్లు ముంచి, నెత్తిన చల్లుకుంది. తర్వాత నా నెత్తినా, అల్లుడి నెత్తినా.

అప్పటికే ఉరుములు మొదలయ్యాయి. వెనక్కి తిరిగి ఎక్కుతుంటే అద్దం మీద వాన దబదబా కొట్టింది. "ఇదెటు పోయే నీళ్లే?" అని అడిగింది అమ్మ. మ్యాప్ తెరిచి చూశాను.

"తూర్పుకేనమ్మా."

అమ్మ కిటికీ అద్దం కాస్త దించి, చెయ్యి బయటపెట్టింది.