పత్తి ఆకులో డీఎన్‌ఏ మిథైలేషన్: బైసల్ఫైట్ పనిలో నా అనుభవం

డీఎన్‌ఏలోని సైటోసిన్ (సీ అక్షరం) మీద మిథైల్ అనే చిన్న రసాయన గుంపు చేరడమే మిథైలేషన్. దాన్ని కనిపెట్టేది బైసల్ఫైట్ అనే రసాయనంతో. అది తగిలితే మిథైల్ లేని సైటోసిన్ యురాసిల్‌గా మారి, పీసీఆర్ (ముక్కకు లెక్కలేనన్ని నకళ్లు తీసే చర్య) తర్వాత టీగా కనిపిస్తుంది. మిథైల్ ఉన్నది సీగానే మిగులుతుంది. 1992లో ఫ్రోమర్ బృందం చూపించిన ఈ పద్ధతే ఇప్పటికీ మా పనికి ఆధారం. చిక్కు కూడా అందులోనే ఉంది. రసాయన చర్య మధ్యలో ఆగిపోయినా సీ మిగిలిపోతుంది. సీక్వెన్సులో రెండింటికీ తేడా తెలియదు. చెడిపోయిన నమూనా ‘ఇక్కడ మిథైలేషన్ ఎక్కువ’ అని చెబుతుంది, ఆ మాట మనకు నచ్చుతుంది కూడా. వరంగల్‌లో పత్తి మీద ఈ పని చేస్తూ నేను పాటించే జాగ్రత్తలన్నీ ఈ ఒక్క భయం నుంచి పుట్టినవే.

మనిషి కణాల మీద పనిచేసేవాళ్లకు ఒక వెసులుబాటు ఉంది. వాళ్లకు మిథైల్ ఎక్కువగా సీజీ జంట (సీ వెంటనే జీ) దగ్గరే ఉంటుంది కాబట్టి, వేరేచోట సీలు మిగిలితే మార్పిడి సరిగా జరగలేదని పసిగట్టవచ్చు. మొక్కల్లో సీజీతో పాటు సీహెచ్‌జీ, సీహెచ్‌హెచ్ దగ్గర కూడా మిథైల్ ఉంటుంది. ఇక్కడ హెచ్ అంటే ఏ, సీ, టీలలో ఏదైనా. అందుకే మార్పిడిని విడిగా రుజువు చేసుకోవాలి.

మొదట మొక్క సంగతి. మన చుట్టుపక్కల చేలల్లో ఉన్నది దాదాపు అంతా బీటీ హైబ్రిడ్. ఆ విత్తనం నుంచి తీసిన విత్తనం మళ్లీ వేస్తే మొక్కకో జన్యురూపం వస్తుంది, ఆ తేడా మిథైలేషన్ తేడాలా కనిపించి మోసం చేస్తుంది. ఎండ తట్టుకున్న మొక్కను, తట్టుకోనిదాన్ని పోల్చాలంటే స్థిరమైన వంగడం తీసుకోవాలి, లేదా ఒకే ప్యాకెట్ విత్తనాన్ని కుండీల్లో పెంచాలి. చెల్కలో ఒకటి, రేగడిలో ఒకటి కోసుకొచ్చి పోల్చవద్దు. నేల, నీరు, జన్యురూపం మూడూ కలిసిపోయి ఏది దేనివల్లో తేలదు.

ఆకు కోత పొద్దున ఏడు లోపే ముగించాలి. పైనుంచి మూడో ఆకు అనుకుంటే ప్రతి మొక్కకూ మూడో ఆకే. పేనుబంక పట్టిన ఆకు వద్దు, పురుగు డీఎన్‌ఏ కూడా కలిసి వస్తుంది. వాన తడి ఉంటే టిష్యూతో అద్ది, రేకులో చుట్టి వెంటనే ద్రవ నత్రజనిలో వేయాలి. పశువుల కృత్రిమ గర్భధారణ వీర్యాన్ని నిల్వ చేసేది దీనిలోనే కాబట్టి జిల్లాల్లోనూ ఇది దొరుకుతుంది. మూత బిగుతుగా ఉన్న సీసాలో మాత్రం తేవద్దు, ఆవిరి ఒత్తిడికి పేలుతుంది.

పత్తి ఆకులో గాసిపాల్, ఫినాల్స్, జిగురు పిండిపదార్థాలు దండిగా ఉంటాయి. అందుకని డీఎన్‌ఏను బయటికి తీసే సీటాబ్ (ఒక డిటర్జెంట్) బఫర్‌ను కొంచెం మార్చుకోవాలి: సీటాబ్ 2 శాతం, ట్రిస్ 100 మిల్లీమోలార్ పీహెచ్ 8, ఈడీటీఏ 20 మిల్లీమోలార్, ఉప్పు 1.4 మోలార్, పీవీపీ 2 శాతం. బీటా మెర్కాప్టోఇథనాల్ 2 శాతం వాడబోయే ముందే కలపాలి, అదీ ఫ్యూమ్ హుడ్‌లో. ద్రవ నత్రజనిలో నూరిన 100 మిల్లీగ్రాముల ఆకు పొడికి ఒక మిల్లీలీటరు బఫర్ పోసి 65 డిగ్రీల దగ్గర 45 నిమిషాలు ఉంచుతాను. గడ్డకట్టిన పొడి కరిగేలోపు బఫర్ పోయకపోతే గోధుమరంగు తిరుగుతుంది. ఆ రంగు డీఎన్‌ఏకి అంటుకున్నాక ఎన్నిసార్లు కడిగినా పోదు, ఆ గొట్టం పక్కన పెట్టి మళ్లీ మొదలుపెట్టడమే.

క్లోరోఫామ్, ఐసోఅమైల్ ఆల్కహాల్ 24:1 మిశ్రమంతో రెండుసార్లు. ఈ దశలో సెంట్రిఫ్యూజ్‌ను 4 డిగ్రీలకు పెట్టవద్దు. చలికి సీటాబ్ పేరుకుపోతుంది, డిసెంబరు పొద్దుల్లో బఫర్ సీసాలోనే తెల్లగా గడ్డకడుతుంది, వెచ్చబెట్టి వాడాలి. పైపొరకు సగం పరిమాణంలో 5 మోలార్ ఉప్పు కలిపి ఆ తర్వాత ఆల్కహాల్ పోస్తే జిగురు ద్రవంలోనే ఉండిపోయి డీఎన్‌ఏ మాత్రం దిగుతుంది. శుద్ధిని చెప్పే కాంతి శోషణ కొలతల్లో 260/280 నిష్పత్తి 1.8 దగ్గర, 260/230 రెండు దగ్గర ఉండాలి. ఆర్‌ఎన్‌ఏ మిగిలితే ఆ అంకెలు బాగానే కనిపిస్తాయి కాబట్టి 0.8 శాతం జెల్ తప్పనిసరి.

బైసల్ఫైట్‌కు ముందు చవకలో ఒక పరీక్ష చేసుకోవచ్చు. హెచ్‌పా-2, ఎంఎస్‌పీ-1 ఎంజైములు రెండూ సీసీజీజీనే కోస్తాయి. లోపలి సీకి మిథైల్ ఉంటే హెచ్‌పా-2 ఆగిపోతుంది, ఎంఎస్‌పీ-1 కోస్తుంది. బయటి సీకి ఉంటే ఎంఎస్‌పీ-1 కూడా ఆగుతుంది. 500 నానోగ్రాముల డీఎన్‌ఏ, 10 యూనిట్లు, 37 డిగ్రీలు, రాత్రంతా. తర్వాత ఆ చోటు మీదుగా పీసీఆర్. ఎంజైము వేయని గొట్టం, కోత గుర్తు లేని వేరే ముక్క పక్కన లేకపోతే ఈ పరీక్షకు విలువ లేదు.

ఇక అసలు మార్పిడి. బైసల్ఫైట్ విడిపోయిన ఒంటి పోగు మీదే పనిచేస్తుంది. జంటగా ఉన్న పోగును, ప్రొటీన్ అంటుకున్న చోటును ముట్టుకోదు. ఒకటి రెండు మైక్రోగ్రాముల డీఎన్‌ఏను ముందు మనకు కావలసిన ముక్కను కోయని ఎంజైముతో చిన్న ముక్కలు చేస్తాను. 18 మైక్రోలీటర్లకు 3 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్ 2 మైక్రోలీటర్లు కలిపి 37 డిగ్రీల దగ్గర 15 నిమిషాలు. ఆలోగా 7.6 గ్రాముల సోడియం మెటాబైసల్ఫైట్‌ను కరిగించి, పీహెచ్ 5కు సరిచేసి, 20 మిల్లీలీటర్లకు నింపుతాను. ఇందులోంచి 208 మైక్రోలీటర్లు, 10 మిల్లీమోలార్ హైడ్రోక్వినోన్ 12 మైక్రోలీటర్లు పోసి, పైన మినరల్ ఆయిల్ వేసి, వెలుతురు తగలకుండా 55 డిగ్రీల దగ్గర రాత్రంతా.

మెటాబైసల్ఫైట్ పొడి కొత్తది కావాలి. మూత తీసి నెలలైన డబ్బాలో బైసల్ఫైట్ గాలికి సల్ఫేటుగా మారిపోయి ఉంటుంది, చూపుకు తేడా ఉండదు. రెండో శత్రువు కరెంటు. 55 డిగ్రీల దగ్గర ఉంచే మిషన్ రాత్రి ఆగితే చర్య నెమ్మదిస్తుంది, పొద్దున వచ్చేసరికి స్క్రీన్ మీద ఆగిన గుర్తేమీ కనిపించకపోవచ్చు. యూపీఎస్ లేనిదే ఈ దశ మొదలుపెట్టను. అలాగని ఎక్కువసేపు ఉంచినా కష్టమే, మిథైల్ ఉన్న సైటోసిన్లు కూడా కొన్ని టీగా మారతాయి, డీఎన్‌ఏ ముక్కచెక్కలవుతుంది.

ఉప్పు తీసేశాక మళ్లీ 0.3 మోలార్ హైడ్రాక్సైడ్‌లో 37 డిగ్రీల దగ్గర 15 నిమిషాలు ఉంచాలి. ఇది వదిలేస్తే సల్ఫోనేట్ గుంపు యురాసిల్ మీదే ఉండిపోయి పీసీఆర్ నడవదు. చేతికొచ్చేది ఒంటి పోగు కాబట్టి కొలిచేటప్పుడు ఆర్‌ఎన్‌ఏ సెట్టింగులో, 40 లెక్కన చూడాలి.

ప్రైమర్లలోనే (పీసీఆర్‌లో నకలు మొదలయ్యే చోటును పట్టుకునే చిన్న డీఎన్‌ఏ ముక్కలు) ఎక్కువ రోజులు పోతాయి. 26 నుంచి 30 అక్షరాలు, ముక్క 150 నుంచి 300 మధ్య. సీజీ, సీహెచ్‌జీలు తగలని చోటు వెతకాలి, తప్పని చోట వై (సీ లేదా టీ), ఆర్ (ఏ లేదా జీ) అక్షరాలు పెట్టాలి. పీఎఫ్‌యూ లాంటి తప్పులు దిద్దే పాలిమరేజులు యురాసిల్ దగ్గర ఆగిపోతాయి; వేడెక్కాకే పని మొదలుపెట్టే హాట్‌స్టార్ట్ టాక్ పాలిమరేజు సరిపోతుంది. మన పొలాల పత్తిలో ఇద్దరు పూర్వీకుల నుంచి వచ్చిన ఏ, డీ అని రెండు ఉపజన్యు సముదాయాలు, మొత్తం 52 క్రోమోజోములు. ఒకే ప్రైమర్ రెండింటినీ పట్టుకుంటుంది. క్లోన్లను (పీసీఆర్ ముక్కలను బ్యాక్టీరియాలోకి ఎక్కించి ఒక్కొక్కటిగా వేరుచేసిన కాపీలు) ఏది ఏ సముదాయానిదో విడదీయడానికి సీ-టీ తేడాను వాడితే అది మార్పిడి తేడానో వంశపు తేడానో తెలియదు, కాబట్టి వేరే రకం తేడా ఉన్న ముక్కే ఎంచుకోవాలి. కొత్తగా నేర్చుకునేవాళ్లకు 26 క్రోమోజోముల దేశీ పత్తితో మొదలుపెట్టమంటాను.

ప్రతి గొట్టంలోనూ క్లోరోప్లాస్ట్ (హరితరేణువు) డీఎన్‌ఏ ముక్క ఒకటి చదివిస్తాను. అందులో మిథైల్ ఉండదు, కాబట్టి సీలన్నీ టీలవ్వాలి. పది క్లోన్లలో కలిపి 300 సీలు ఉంటే మూడుకు మించి మిగిలిన నమూనాను లెక్కలోకి తీసుకోను. ఒక్క క్లోన్‌లోనే గుంపుగా మిగిలితే మాత్రం అది కేంద్రకంలోకి దూరిన క్లోరోప్లాస్ట్ ముక్క కావచ్చు. అలాంటి కాపీలు లేని చోటును ముందే చూసుకుంటే ఈ అనుమానం రాదు.

క్లోన్లు 15 అయినా కావాలి. మిగిలిన సీల వరస అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉన్న క్లోన్లు ఒకే పోగు నుంచి పీసీఆర్‌లో పుట్టిన నకళ్లు కావచ్చు, వాటిని ఒకటిగానే లెక్కిస్తాను. తర్వాత సీజీ, సీహెచ్‌జీ, సీహెచ్‌హెచ్ శాతాలు విడివిడిగా. మూడింటినీ కలిపి ఒక్క అంకె వేస్తే ఏ ఎంజైము దారి మారిందో తెలియదు: సీజీని నిలబెట్టేది మెట్-1, సీహెచ్‌జీని సీఎంటీ-3, సీహెచ్‌హెచ్‌లో పని డీఆర్‌ఎం-2, సీఎంటీ-2లది. సీహెచ్‌జీ ఒక్కటే తగ్గితే క్రోమాటిన్ (హిస్టోన్ ప్రొటీన్లకు చుట్టుకున్న డీఎన్‌ఏ) వైపు చూస్తాను, ఎందుకంటే సీఎంటీ-3 హిస్టోన్ హెచ్-3 తొమ్మిదో లైసిన్ మీది మిథైల్ గుర్తును పట్టుకునే పనిచేస్తుంది. ఆ గుర్తుకు చిప్ (గుర్తున్న హిస్టోన్‌ను యాంటీబాడీతో పట్టి, దానితో వచ్చే డీఎన్‌ఏను చూసే పరీక్ష) చేయాలంటే అదే మొక్క నుంచి, అదే మూడో ఆకు మరికొంత కోసి పెట్టుకుని ఉండాలి.