శాలువా వద్దు, రసీదు కావాలి

మన వైపు ఏ నాటక సమాజం వార్షికోత్సవానికి వెళ్లినా ఒకటే వరస. వేదిక మీద పదిమంది పెద్దలు, పది శాలువాలు, పది మెమెంటోలు, గంటన్నర ఉపన్యాసాలు. జనం సగం లేచి వెళ్లాక తెర లేస్తుంది. శాలువాకి మూడు వందలు, మెమెంటోకి ఐదు వందలు, దండకి వంద వేసుకున్నా పదిమందికి తొమ్మిది వేలు. అదే రోజు హార్మోనిస్టుకి, తబలిస్టుకి బస్సు ఛార్జీలు ఎవరివ్వాలన్న దాని మీద తెర వెనక తర్జనభర్జన జరుగుతుంటుంది.

అభిమానం లేక కాదు, అది ఎటు పోవాలో తెలియక. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో పద్యనాటకం ఆడేవాళ్లు, పరిషత్తు నాటక పోటీలకి నాటికలు తీసుకెళ్లేవాళ్లు, చెక్కభజన, కోలాటం జట్లు, తోలుబొమ్మలాట కుటుంబాలు, హరికథకులు ఇప్పటికీ ఉన్నారు. వీళ్ల బండి ఆగేది ప్రతిభ దగ్గర కాదు, కాగితాల దగ్గర. కాబట్టి సాయం చేయాలనుకునేవాళ్లు ముందు సమాజం ఫైలు అడిగి చూడండి. చాలాచోట్ల ఫైలే ఉండదు.

2001 నాటి ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద సమాజం రిజిస్టర్ కావడానికి కనీసం ఏడుగురు సభ్యులు చాలు. మెమొరాండం (ఆశయాల పత్రం), బైలా (నియమావళి) తయారుచేసి జిల్లా రిజిస్ట్రార్‌కి ఇవ్వాలి. చిక్కంతా బైలాలోనే. పక్క వీధి యువజన సంఘం బైలా తెచ్చి, పేరు మార్చి ఇచ్చేస్తారు. అందులో రక్తదానం ఉంటుంది, క్రీడలు ఉంటాయి, మొక్కలు నాటడం ఉంటుంది, నాటకం అన్న మాట మాత్రం ఉండదు. మూడేళ్లు పోయాక గ్రాంటుకి దరఖాస్తు పెడితే మీ ఆశయాల్లో కళలే లేవు కదా అని పక్కన పెడతారు. ఆశయాల మొదటి వాక్యంలోనే మీరు చేసే కళ పేరు రావాలి. చివర్లో, సమాజం మూసేయాల్సివస్తే ఆస్తిని సభ్యులు పంచుకోకుండా ఇలాంటి మరో సంస్థకి అప్పగిస్తామన్న క్లాజు ఉండాలి. అది లేకపోతే తర్వాత ఆదాయపు పన్ను శాఖ దగ్గర పని ముందుకు కదలదు.

ఇంకో చిన్న విషయం, కానీ ఎక్కువమందిని ఏడిపించేది ఇదే: పేరు. రిజిస్ట్రేషన్‌లో ‘శ్రీ’ ఉంటుంది, పాన్ కార్డులో ఉండదు, బ్యాంకు ఖాతాలో ‘నాట్య మండలి’కి బదులు ‘నాట్యమండలి’ అని కలిపి ఉంటుంది. స్వచ్ఛంద సంస్థల కోసం కేంద్రం నడిపే ఎన్జీవో దర్పణ్ పోర్టల్‌లో నమోదు చేసేటప్పుడు ఇవి సరిపోలవు. దర్పణ్ ఐడీ లేకపోతే కేంద్రం గ్రాంటు దరఖాస్తే ముందుకెళ్లదు. ఇంగ్లిష్ స్పెల్లింగు ఒకటి ఖాయం చేసుకుని, అన్ని చోట్లా అక్షరం తేడా లేకుండా అదే వాడండి.

ఏటా సర్వసభ్య సమావేశం పెట్టి, మినిట్స్ రాసి, కొత్త కార్యవర్గం జాబితా రిజిస్ట్రార్‌కి ఇవ్వాలి. ఇది ఎగ్గొట్టిన సమాజాలకి దెబ్బ ఎప్పుడు తగులుతుందంటే, కోశాధికారి చనిపోయినప్పుడు. బ్యాంకువాళ్లు కొత్త సంతకం ఒప్పుకోరు, పాత జాబితా ఎప్పటిదో ఉంటుంది, ఖాతాలో డబ్బు ఉండి కూడా చేతికి రాదు. ఖాతా ముగ్గురి పేర్ల మీద పెట్టి, ఏ ఇద్దరు సంతకం పెట్టినా చెల్లేలా చూసుకుంటే కొంత నయం.

ఇక డబ్బు. పండగకి ఒకరి దగ్గర యాభై వేలు తెచ్చుకునేకన్నా రెండు వందల ఇళ్ల నుంచి నెలకి యాభై రూపాయలు మేలు. నెలకి పదివేలు, ఏడాదికి లక్షా ఇరవై వేలు. పెద్ద దాత ఒక్కడైతే తన మేనల్లుడికి కృష్ణుడి వేషం ఇవ్వమంటాడు. రెండు వందలమంది అలా అడగలేరు. యూపీఐ క్యూఆర్ కోడ్ సమాజం ఖాతాదే ఉండాలి, కార్యదర్శి సొంత ఫోనుది కాదు. ప్రతి రూపాయికీ నంబరు వేసిన రసీదు ఇవ్వాలి. నెలాఖరున వాట్సాప్ గ్రూపులో వచ్చిందెంత, పోయిందెంత అని రెండు పంక్తులు పెడితే మరుసటి నెల చందా అడగకుండానే వస్తుంది.

పన్ను మినహాయింపు ఇవ్వగలిగితే డాక్టర్లు, లెక్చరర్లు, వ్యాపారులు కాస్త పెద్ద మొత్తాలిస్తారు. దానికి ఇన్నాళ్లూ 12ఏబీ (సంస్థ ఆదాయానికి మినహాయింపు), 80జీ (దాతకి మినహాయింపు) అని పిలుచుకున్న రిజిస్ట్రేషన్లు కావాలి. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమల్లోకి వచ్చి సెక్షన్ల నంబర్లు మారాయి కాబట్టి పాత దరఖాస్తు నమూనాలు చూసి నింపొద్దు, ఆడిటర్‌ని అడగండి. దాతకి మాత్రం రెండు సంగతులు ముందే చెప్పాలి: రెండు వేలకి మించి నగదుగా ఇస్తే మినహాయింపు రాదు, కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్లకి అసలు రాదు. ఇవి చెప్పకుండా డబ్బు తీసుకుంటే, రిటర్ను వేసే రోజున ఆయన మిమ్మల్ని తిట్టుకుంటాడు.

అమెరికా డబ్బు గురించి విడిగా చెప్పాలి. మన ఊళ్ల పిల్లలు డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉంటారు, ఊరి నాటకమంటే ప్రాణం, వెయ్యి డాలర్లు పంపుతామంటారు. భారత పాస్‌పోర్టు ఉన్న ఎన్నారై తన సొంత సంపాదన నుంచి మామూలు బ్యాంకు మార్గంలో పంపితే అది విదేశీ విరాళం కిందకి రాదు. అదే మనిషి అమెరికా పౌరసత్వం తీసుకున్నాక పంపితే విదేశీ విరాళమే, విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకిచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే. విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ లేకుండా ఒక్క డాలరు తీసుకున్నా నేరం. అక్కడి తెలుగు సంఘం పంపినా ఇదే. పాస్‌పోర్టు కాపీ అడగడానికి మొహమాటపడొద్దు.

కంపెనీలు సామాజిక బాధ్యతగా ఖర్చు పెట్టాల్సిన సీఎస్ఆర్ నిధులంటే స్కూళ్లు, నీళ్ల ప్లాంట్లేనని చాలామంది అనుకుంటారు. 2013 కంపెనీల చట్టం ఏడో షెడ్యూల్‌లో సంప్రదాయ కళలు, హస్తకళల అభివృద్ధి స్పష్టంగా ఉంది. తాము పనిచేసే చోటికి ప్రాధాన్యం ఇవ్వాలని కూడా చట్టం చెబుతుంది. కృష్ణపట్నం రేవు, ముత్తుకూరు వైపు విద్యుత్ కేంద్రాలు, చీమకుర్తి గ్రానైటు, తీరం పొడవునా రొయ్యల ఎగుమతులు ఉన్న ప్రాంతం మనది. అయితే నికర లాభం 5 కోట్లో, టర్నోవరు 1,000 కోట్లో, నికర విలువ 500 కోట్లో దాటిన కంపెనీలకే ఈ బాధ్యత. సమాజానికి సీఎస్ఆర్-1 (ఈ నిధులు తీసుకునే సంస్థల నమోదు ఫారం) నమోదు, మూడేళ్ల పని చరిత్ర ఉండాలి. అడిగేటప్పుడు ‘కళని బతికించండి’ అని రాస్తే ఎవరూ చదవరు. ‘ఐదు ప్రభుత్వ పాఠశాలల్లో, నలభై మంది పిల్లలకి, ఆరు నెలలు చెక్కభజన శిక్షణ; గురువుకి ఇంత, చెక్కలకీ గజ్జెలకీ ఇంత’ అని ఒక పేజీలో రాయండి.

కేంద్ర సాంస్కృతిక శాఖ కళా సంస్కృతి వికాస్ యోజన కింద ఉత్సవాలకి, ప్రదర్శనలకి మామూలుగా 5 లక్షల దాకా ఇచ్చే పథకం ఉంది. గురుశిష్య పరంపరకి వేరే పథకం ఉంది, అందులో గురువుకి నెలకి 15,000. డబ్బంతా ఒకేసారి రాదు. కొంత భాగం ఖర్చుల లెక్క, వినియోగ ధ్రువపత్రం ఇచ్చాకే వస్తుంది. అందుకే షామియానా వాడి తెల్లకాగితం చీటీ చెల్లదు, తేదీ, పేరు, సంతకం ఉన్న బిల్లు కావాలి. అప్పు చేసి ఉత్సవం జరిపి, బిల్లులు లేక మిగతా సొమ్ము పోగొట్టుకున్న సమాజాలు ఊరికి ఒకటైనా దొరుకుతాయి. తంజావూరులోని దక్షిణ మండల సాంస్కృతిక కేంద్రం పరిధిలో మన రాష్ట్రమూ ఉంది. అక్కడికి బృందం వివరాలు, ఫొటోలు, పది నిమిషాల మంచి వీడియో పంపి ఉంచుకోవాలి.

పెద్దవయసు కళాకారుల సంగతి. అరవై దాటి, ఏడాది ఆదాయం 72,000 మించనివాళ్లకి కేంద్రం నెలకి 6,000 దాకా ఇచ్చే పథకం ఉంది. రాష్ట్రంలో డప్పు కళాకారులకి ఎన్టీఆర్ భరోసా పింఛను కింద నెలకి 4,000 వస్తోంది. దరఖాస్తు ఆగేది ఆదాయ ధ్రువపత్రం దగ్గరా, కళాకారుడేనని చూపే రుజువు దగ్గరా. ముప్పై ఏళ్లు తోలుబొమ్మలాడిన మనిషి దగ్గర ఒక్క కరపత్రం కూడా ఉండదు. పాత కరపత్రాలు, పేపరు ముక్కలు, పరిషత్తు ప్రశంసాపత్రాలు స్కాన్ చేసి ఒక పెన్‌డ్రైవ్‌లో పెట్టిస్తే అది వెయ్యి శాలువాల పెట్టు. టైపు తెలిసిన టీచరు ఒక ఆదివారం కేటాయిస్తే అయిపోయే పని.

అధికారుల్ని అడగడానికీ ఒక పద్ధతుంది. సోమవారం కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక ఉంటుంది. అర్జీలో ఒకే కోరిక, ఒకే పేజీ. ఆరు కోరికలు రాస్తే ఆరు శాఖలకి తిరిగి ఎక్కడో ఒకచోట పడుకుంటుంది. రసీదు నంబరు తీసుకోకుండా రావొద్దు. ఏం అడగాలంటే, సాయంత్రం ఆరు తర్వాత ప్రభుత్వ పాఠశాలలో ఒక గది. రిహార్సల్స్‌కి చోటు లేక కూడా సమాజాలు చెదిరిపోతున్నాయి. పురపాలక సంఘం హాలైతే స్థానిక కళాసంస్థలకి తక్కువ అద్దె కోసం కౌన్సిల్ తీర్మానం అడగాలి. నెల్లూరు పురమందిరం లాంటి చోట ఒక సాయంత్రం ఖర్చు అద్దెతో పోదు. కరెంటు, శుభ్రం చేసే మనిషి, జనరేటర్ డీజిల్ విడిగా ఉంటాయేమో ముందే రాయించుకోండి. జొన్నవాడ, పెంచలకోన, సింగరాయకొండ లాంటి గుళ్లలో ఉత్సవాలకి సాంస్కృతిక కార్యక్రమాలుంటాయి. కరపత్రం అచ్చయ్యాక ఈవోని కలిసి లాభం లేదు, రెండు మూడు నెలల ముందే కలవాలి. బయటి ఆర్కెస్ట్రాకి ఇచ్చే దాంట్లో నాలుగో వంతు చాలు, స్థానిక హరికథ, కోలాటం రెండు రోజులు నడుస్తాయి.

ప్రదర్శన రోజున పోలీసు అనుమతి. శబ్దకాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్ పనికిరాదు. పండగలకి, సాంస్కృతిక సందర్భాలకి ప్రభుత్వం అర్ధరాత్రి 12 దాకా సడలించొచ్చు, అదీ ఏడాదికి 15 రోజులకి మించకుండా. పదింటికి మొదలెట్టి తెల్లార్లూ పద్యాలు పాడే కాలం ఆరుబయట చెల్లదు. ఆరున్నరకి తెర లేపి, పడకసీను, రాయబారం లాంటి ఘట్టాలు ఎంచుకుని మూడు గంటల్లో ముగించాలి. ఒక్కో పద్యానికి రాగం పది నిమిషాలు లాగే నటులకి ఇది నచ్చదు, చెప్పక తప్పదు.

నాటకం హక్కులు రచయిత పోయాక 60 ఏళ్లు ఉంటాయి. తిరుపతి వేంకట కవుల జంటలో తర్వాత పోయిన చెళ్లపిళ్లవారు 1950లో పోయారు కాబట్టి వాళ్ల పాండవ నాటకాలకి 2011 నుంచి ఎవర్నీ అడగక్కర్లేదు. కొత్త నాటికకి మాత్రం రచయిత రాతపూర్వక అనుమతి తీసుకోవాలి, పారితోషికం ఇవ్వాలి. టికెట్ పెడితే భయపడొద్దు, నాటకం టికెట్ 500 దాకా జీఎస్టీ లేదు.

తేదీ ఎంచుకునేటప్పుడు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఆరుబయట పెట్టుకోవద్దు. ఈశాన్య రుతుపవనాల వాన మన తీరం మీదే ఎక్కువ. సంక్రాంతి నుంచి శ్రీరామనవమి దాకా మంచి కాలం. ఆ వాన నెలల్లో తోలుబొమ్మలకీ ముప్పే: చెమ్మకి తోలు మెత్తబడి వంకర పోతుంది, బూజు పడుతుంది. ప్లాస్టిక్ సంచిలో కట్టిపెడితే ఇంకా త్వరగా. చెక్కపెట్టెలో బొమ్మకీ బొమ్మకీ మధ్య పాత నూలుగుడ్డ వేసి, నేలకి అడుగు ఎత్తున పెట్టి, ఎండ కాసిన రోజున నీడలో ఆరబెట్టాలి. మేడ మీద పొడిగా ఉండే గది ఖాళీగా ఉన్నవాళ్లు నవంబరు, డిసెంబరు రెండు నెలలు తాళం చెవి ఇచ్చినా చాలు, పైసా ఇవ్వక్కర్లేదు.