బొండాం నీళ్లు, పొటాషియం, నా మెడికల్ సర్జికల్ సప్లీ

నిన్న సాయంత్రం రిజల్ట్ వచ్చింది. మెడికల్ సర్జికల్ నర్సింగ్ సప్లీ గట్టెక్కాను. ఇన్ని నెలలూ ఇంట్లో ఎవరి ముఖమూ సరిగ్గా చూడలేకపోయాను. రాత్రి అమ్మ పక్కన కూర్చుని కడుపునిండా అన్నం తిన్నాను. ఈ సబ్జెక్టు పేరు చెబితేనే హడలిపోతున్న జూనియర్ల కోసం, అన్నీ గుర్తుండగానే రాసేస్తున్నాను.

మాది కోనసీమలో ఒక లంక ఊరు. థియరీ మొదటిసారే పాసయ్యాను. సప్లీ ఫీజు కట్టడం, హాల్ టికెట్ తెచ్చుకోవడం పెద్ద ఇబ్బంది కాలేదు. నన్ను ముంచింది ప్రాక్టికల్స్.

ఆ రోజు నాకొచ్చిన కేసు దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు. పేషెంటుకు యాభై ఏళ్లుంటాయి, రొయ్యల చెరువు మీద కాపలా మనిషి. వారానికి రెండుసార్లు డయాలసిస్. ఎడమ చేతికి ఫిస్టులా, అంటే డయాలసిస్ సూదుల కోసం ధమనిని సిరతో కలిపిన చోటు, ఉంది కాబట్టి బీపీ కుడి చేతికే చూశాను. ఫిస్టులా మీద వేళ్లు పెట్టి థ్రిల్ (రక్తం పారే అదురు) తగులుతోందో లేదో చూశాను, స్టెతస్కోపు పెట్టి బ్రూయీ (ఆ పారే చప్పుడు) విన్నాను. బరువు, ఇన్‌టేక్ అవుట్‌పుట్ చార్టు, కేర్ ప్లాన్ అన్నీ రాశాను. పాసైపోయాననే అనుకున్నాను.

అప్పుడు ఆయన భార్య సంచిలోంచి సీసా తీసి గ్లాసులో పోసింది. "అమ్మాయిగారూ, ఇంటి బొండాం నీళ్లండి. పట్టొచ్చాండి?" అని అడిగింది. నేను చార్టు రాసుకుంటూ తలెత్తకుండానే "పట్టండి పిన్నిగారూ, చలవ చేస్తుంది" అన్నాను.

ఎక్స్‌టర్నల్ మేడమ్, అంటే బయటి కాలేజీ నుంచి వచ్చిన ఎగ్జామినర్, నా వెనకే ఉన్నారు. ముందు ఆ గ్లాసు ఆవిడ చేతిలోంచి మెల్లగా తీసుకుని పక్కన పెట్టించారు. తర్వాత నా వైపు తిరిగారు.

"పొటాషియం నార్మల్ ఎంత?"

"లీటరుకు 3.5 నుంచి 5 మిల్లీ ఈక్వివలెంట్లు మేడమ్."

"ఈయనకెంత?"

కేస్ షీట్ తిప్పాను. 6.2. పొద్దున్నే నా చేత్తో కేర్ ప్లాన్‌లో ఎక్కించిన అంకె అది.

"కొబ్బరి నీళ్లలో ఏముంటుంది?"

జవాబు పొటాషియమే. పాడైన కిడ్నీలు దాన్ని సరిగ్గా బయటికి పంపలేవు. కానీ నాకు నోరు పెగల్లేదు. "ఏ ఊరమ్మా నీది?" అన్నారు. చెప్పాను. "కొబ్బరి చెట్ల కింద పుట్టి పెరిగావు. ఆ నీళ్లలో ఏముందో తెలుసుకోకుండా వార్డులోకి ఎలా వచ్చావు?" అన్నారు. గొంతు పెంచలేదు. అయినా పక్క మంచాల వాళ్లు, మా బ్యాచ్ పిల్లలు, అందరూ విన్నారు. మా ట్యూటర్ కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డారు.

ఇంకో అవకాశం ఇచ్చారు. పొటాషియం మరీ పెరిగి ఈసీజీ మారితే ముందు ఏ మందు ఇస్తారని అడిగారు. కాల్షియం గ్లూకోనేట్ అన్నాను. ఎందుకన్నారు. "పొటాషియం తగ్గించడానికి" అన్నాను. మేడమ్ పెన్ను మూసేశారు. కాల్షియం పొటాషియాన్ని ఒక్క చుక్క కూడా తగ్గించదు. గుండె కండరం ఆగిపోకుండా కాసేపు కాపు కాస్తుంది, అంతే. పొటాషియాన్ని రక్తంలోంచి కణాల్లోకి నెట్టేవి ఇన్సులిన్, డెక్స్‌ట్రోజ్, సాల్‌బ్యుటమాల్ నెబ్యులైజేషన్ (మందును పొగమంచులా చేసి పీల్పించడం). ఈయనలాంటి వాళ్లకు ఒంట్లోంచి బయటికి పంపేది డయాలసిస్. ఈ మూడు మెట్లూ నా నోట్సులో వరసగా ఉన్నాయి. ఏది ఎందుకో మాత్రం నేను ఎప్పుడూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు.

బయటికి వచ్చేటప్పుడు పిన్నిగారికి క్షమాపణ చెప్పుకుందామని వెళ్లాను. "మీరు పట్టమన్నారనే కదండీ పట్టబోయాను" అంది. కోపంగా కూడా అనలేదు. ఆ మాట ఫెయిలైన దానికంటే ఎక్కువ పట్టుకుంది నన్ను. రెండు రాత్రులు నిద్ర లేదు.

ఇక్కడ మా కాలేజీ గురించి చెప్పకుండా ఉండలేను. ఏడాదంతా క్లాసంటే డిక్టేషనే. డెఫినిషన్, కారణాలు, లక్షణాలు, మేనేజ్‌మెంట్, పేజీ తిప్పు. లైబ్రరీకి తాళం, అడిగితే ఇన్‌స్పెక్షన్‌కి తీస్తామనేవారు. క్లినికల్ పోస్టింగ్ అంటే దుప్పట్లు మార్చడం, టెంపరేచర్లు రాయడం. ట్యూటర్ వార్డుకు వచ్చి ఒక్క పేషెంటు పక్కన నిలబడి "ఈ మనిషికి ఈ మందు ఎందుకు?" అని అడిగిన రోజు ఒక్కటి కూడా గుర్తులేదు. నర్సింగ్ నేర్పడానికి జీతం తీసుకునేవాళ్లు ఆ పని చెయ్యాలి. ఫీజు కట్టడానికి మా నాన్న కొబ్బరి దింపు డబ్బులు ముందే అప్పుగా తెచ్చాడు.

నన్ను ఒడ్డున పడేసింది మా పెద్దమ్మ కూతురు. డయాలసిస్ యూనిట్‌లో స్టాఫ్ నర్సు. "గైడు పక్కన పడెయ్. పొటాషియం ఒక్కటి పట్టుకో, ఎక్కడెక్కడికి పోతుందో చూద్దాం" అంది అక్క. వినడానికి వింతగా అనిపించింది కానీ సగం సిలబస్ దాంతోనే కదిలింది.

గుండె జబ్బు వాళ్లకు ఇచ్చే ఫ్యూరోసెమైడ్ నీటితో పాటు పొటాషియాన్నీ లాగేస్తుంది. పొటాషియం తగ్గిన మనిషిలో డిగాక్సిన్ అనే గుండె మందు విషమవుతుంది. అందుకే డిగాక్సిన్ ఇచ్చే ముందు ఏపికల్ పల్స్ (ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టి వినే గుండె చప్పుడు) నిండా ఒక నిమిషం లెక్కపెడతాం, 60 కంటే తక్కువుంటే ఆపి డాక్టరుకు చెబుతాం. డయాబెటిక్ కీటోఅసిడోసిస్‌లో (ఇన్సులిన్ చాలక రక్తం ఆమ్లమయ్యే స్థితిలో) మొదట రిపోర్టులో పొటాషియం ఎక్కువగా కనిపించినా, ఇన్సులిన్ మొదలుపెట్టగానే పడిపోతుంది. పెద్ద కాలిన గాయాల్లో పగిలిన కణాల్లోంచి బయటికొచ్చి మొదట పెరుగుతుంది. పొటాషియం క్లోరైడ్ ఆంపుల్‌ని నేరుగా నరంలోకి ఎక్కించకూడదు, గుండె ఆగిపోతుంది. ఫ్లూయిడ్‌లో బాగా కలిపి, మెల్లగా ఎక్కించాలి. ఈ ఒక్క మాట నిద్రలో లేపి అడిగినా చెప్పగలగాలి.

ఇక మన తిండి. 100 మిల్లీలీటర్ల కొబ్బరి నీళ్లలో సుమారు 200 నుంచి 250 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది. కిడ్నీ పేషెంటుకు రోజు మొత్తానికి 2000 మిల్లీగ్రాములు దాటొద్దని చాలామందికి చెబుతారు. రెండు గ్లాసులు తాగితే సగం అక్కడే పోయింది. అక్క నాతో మన గోదావరి వంటలన్నీ ఒక పేజీలో రాయించింది. కంద బచ్చలి కూర, అరటిపండు, చెరువు గట్ల మీద కాసే అరటికాయ, అన్నీ పొటాషియమే. కూరగాయ ముక్కలు చిన్నగా తరిగి ఎక్కువ నీళ్లలో ఉడికించి, ఆ నీళ్లు పారబోస్తే కొంత తగ్గుతుంది. పట్నం పుస్తకాల్లో ఆవకాడో, బేక్ చేసిన బంగాళాదుంప అని ఉంటుంది. మన వార్డులోకి వచ్చేది బొండాం, చక్రకేళి గెల. ఎవరి ఊరి తిండి వాళ్లు రాసుకుని చదవండి.

మిగతావి ఇలాగే పేషెంట్ల చుట్టూ అల్లుకున్నాను. ఒక్కటి మాత్రం విడిగా చెబుతాను. ఇన్సులిన్ సీసా మీద (ఒక మిల్లీలీటరులో ఎన్ని యూనిట్లో చెప్పే అంకె) 40 అని ఉంటే ఎర్ర మూత సిరంజి, 100 అని ఉంటే నారింజ మూత సిరంజి. ఇది మార్క్ కోసం కాదు, మారిస్తే డోసు రెండున్నర రెట్లు తేడా వస్తుంది.

రెండోసారి ప్రాక్టికల్‌లో ఛాతీలో ట్యూబు, దానికి తగిలించిన నీళ్ల సీసా ఉన్న కుర్రాడు వచ్చాడు. సీసా ఛాతీ కంటే కిందే ఉందా, గొట్టం చివర నీళ్లలో 2 సెంటీమీటర్లు మునిగి ఉందా, ఊపిరితో నీటి మట్టం ఆడుతోందా అన్నీ అడక్కుండానే చూసి చెప్పాను. బుడగలు ఆగకుండా వస్తుంటే ఏమనుకోవాలన్నారు. ఎక్కడో గాలి లీకవుతోందని, ముందు అతుకులన్నీ చూస్తానని చెప్పాను. వైవాలో ఒక్క ప్రశ్నకూ తడుముకోలేదు. మా బ్యాచ్ సప్లీ వాళ్లలో ప్రాక్టికల్ మార్కులు నావే ఎక్కువ.

ఈ ఉదయం మా వీధి చివర మామయ్య ఇంటికి వెళ్లాను. ఆయనా డయాలసిస్ మనిషే. వంటింట్లో సోడియం తక్కువ ఉండే ఉప్పు ప్యాకెట్ కనిపించింది, బీపీకి మంచిదని ఎవరో తెప్పించారట. వెనక్కి తిప్పి చదివితే పొటాషియం క్లోరైడ్ అని ఉంది. ప్యాకెట్ నేనే తీసి పక్కన పెట్టించాను. అత్తయ్యను కూర్చోబెట్టి నా నోట్సులోని ఆ పేజీ పెద్ద అక్షరాలతో మళ్లీ రాసి, వంటింటి తలుపుకు అంటించి వచ్చాను.