మడత విప్పిన కాగితం

"నాలుగింటిలో మూడు తప్పు!" కాగితం మడత విప్పగానే మా మిత్రుడు వేసిన కేక అది.

ప్రచారం చివరి వారంలో ఏ పార్టీ ఏ ఎత్తు వేస్తుందో పది రోజుల కిందటే పందెం కట్టి రాసుకున్నాం. ఈ సాయంత్రం మైకులు మూగబోయాక లెక్క చూసుకున్నాం. "ముందున్నవారు నోరు మెదపరు, వెనకబడినవారు గొంతు పెంచుతారు" అన్న నా మొదటి వాక్యం కింద రెండు గీతలు కూడా ఉన్నాయి. ఎంత ధీమా!

జరిగింది వేరు. గెలుపు ఖాయమనుకున్న నాయకుడు చివరి రెండు రోజులూ తన కంచుకోటలోనే తిరిగాడు, అదీ గొంతు చించుకుంటూ. నేనేమో ప్రసంగాలు వింటూ కూర్చున్నాను. చూడవలసింది పర్యటనల పట్టిక. మాటలు ఎన్నైనా చెప్పవచ్చు, రోజుకు ఉన్నవి ఇరవై నాలుగు గంటలే. వాటిని ఎక్కడ ఖర్చు పెడితే అక్కడ భయం ఉన్నట్టు.

అదీ ప్రతిసారీ పనిచేయదనుకోండి. 2016 అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో హిల్లరీ క్లింటన్ పార్టీ అభ్యర్థిగా ఖరారయ్యాక విస్కాన్సిన్‌కు ఒక్కసారి కూడా వెళ్లలేదు. ఆ రాష్ట్రం చేజారింది. 1948లో అదే పదవికి పోటీ చేసిన డ్యూయీ గెలుపు తనదేనని ఆచితూచి మాట్లాడుతూ అప్పటి అధ్యక్షుడు ట్రూమన్ చేతిలో ఓడిపోయాడు. భయపడవలసిన చోట భయపడనివారి పట్టిక చూసి మనకు తెలిసేదేమిటి?

నా కాగితంలో నిజమైనది ఒక్కటే: చివరి రోజున అందరూ "విజయం మాదే" అంటారు.

దానికి మార్కులు ఇవ్వనంటున్నాడు మిత్రుడు.