రేపటి మ్యాచ్‌లో ఎవరు వేస్తున్నారు: స్టార్టింగ్ పిచర్ల జాబితా చదివే పద్ధతి

మేజర్ లీగ్ బేస్‌బాల్ షెడ్యూల్ తెరిస్తే రేపటి ప్రతి మ్యాచ్ పక్కనా రెండు పేర్లుంటాయి: ఒక్కో జట్టు తరఫున మ్యాచ్ మొదలుపెట్టి బ్యాటర్లకు బంతి విసిరే స్టార్టింగ్ పిచర్లవి. పేరు పక్కనే ఏ చేత్తో విసురుతాడు, ఎన్ని గెలిచాడు, ఎన్ని ఓడాడు, ఈఆర్ఏ (తొమ్మిది ఇన్నింగ్స్‌కి సగటున ఇచ్చిన రన్స్) ఎంత అని ఉంటుంది. ఇటు 6-3, 3.30 అనీ, అటు 4-5, 4.20 అనీ ఉందనుకోండి. చాలామంది అక్కడికక్కడే లెక్క తేల్చేస్తారు: మొదటివాడు మెరుగు, మ్యాచ్ అతని జట్టుదే.

తిరకాసంతా ఈ పోలికలోనే ఉంది. ఆ ఇద్దరూ ఒకరితో ఒకరు ఆడరు. 2022 నుంచి మేజర్ లీగ్‌లోని రెండు విభాగాల్లో ఒకటైన నేషనల్ లీగ్‌లో కూడా డిజిగ్నేటెడ్ హిట్టర్ (పిచర్‌కి బదులు వేరొకరు బ్యాట్ చేసే) పద్ధతి శాశ్వతమయ్యాక పిచర్ బ్యాట్ పట్టే పనే లేకుండా పోయింది. పిచింగూ బ్యాటింగూ రెండూ చేసే షోహెయ్ ఒహ్తానీ ఒక్కడి సంగతి వేరు. అందుకని ఆ వరుసను రెండు ముక్కలు చేసి చదవాలి. ఈ పిచర్ ఆ తొమ్మిది మంది బ్యాటర్లను ఎంతసేపు ఆపగలడు? ఆ పిచర్ ఈ తొమ్మిది మందిని ఎంతసేపు ఆపగలడు? ఇంకో మాట: క్రికెట్‌లో బౌలర్ స్పెల్ ముగించి మళ్లీ వచ్చినట్టు ఇక్కడ కుదరదు. ఒకసారి మ్యాచ్ నుంచి తప్పించిన పిచర్ ఆ రోజుకి ఇక అంతే.

ముందు ఎవరి వంతు ఎప్పుడో చూద్దాం. జాబితాలో పేరు రాకముందే మనమే లెక్కేసుకోవచ్చు. జట్టుకి మామూలుగా ఐదుగురు స్టార్టర్లు. ఒక్కొక్కరికీ మధ్యలో నాలుగు రోజుల విశ్రాంతి. ఆదివారం వేసినవాడు సోమ, మంగళ, బుధ, గురువారాలు ఆగి శుక్రవారం వస్తాడు. మధ్యలో జట్టుకి ఆట లేని రోజు తగిలితే రెండు దారులున్నాయి: అందరినీ ఒక రోజు వెనక్కి జరపడం, లేదా ఐదోవాడి వంతు దాటవేసి మొదటివాణ్ణి వేళకే దించడం. ఈ మధ్య మొదటిదే ఎక్కువ. పిచర్లకు ఐదు రోజుల విశ్రాంతి దొరికితే వద్దనే జట్టు లేదు. డాడ్జర్స్ లాంటి జట్లు ఆరుగురిని తిప్పుతున్నాయి కూడా. జపాన్ లీగులో అయితే వారానికి ఒక్కసారి వేయడమే ఆనవాయితీ. డాడ్జర్స్ పిచర్ యోషినోబు యమమోతో లాంటి వాళ్లు అలా అలవాటుపడి వచ్చినవాళ్లే. అదే యమమోతో 2025 వరల్డ్ సిరీస్‌లో ఆరో మ్యాచ్ స్టార్ట్ చేసి, మర్నాడే ఏడో మ్యాచ్ చివర్లో వచ్చి గెలిపించాడు. అది టైటిల్ పోరు కాబట్టి చెల్లింది. మే నెలలో అలాంటివి ఊహించుకోకండి.

ఇప్పుడు అంకెలు. గెలుపోటముల లెక్కను పక్కన పెట్టేయవచ్చు. స్టార్టర్ ఖాతాలో గెలుపు పడాలంటే కనీసం ఐదు ఇన్నింగ్స్ (ఇక్కడ ఇన్నింగ్స్ అంటే మూడు ఔట్లు, మ్యాచ్‌కి మామూలుగా తొమ్మిది) వేయాలి, అతను తప్పుకునేటప్పటికి జట్టు ముందంజలో ఉండాలి, ఆ ఆధిక్యం చివరిదాకా నిలవాలి. ఇందులో పిచర్ చేతిలో ఉన్నది సగం కూడా కాదు. 2018లో మెట్స్ పిచర్ జేకబ్ డిగ్రామ్ ఈఆర్ఏ 1.70, గెలుపోటములు 10-9. ఆ ఏడాది నేషనల్ లీగ్ ఉత్తమ పిచర్‌కిచ్చే సై యంగ్ అవార్డు అతనికే వచ్చింది.

ఈఆర్ఏ కొంత నయం, కానీ అదీ మోసం చేస్తుంది. లెక్క తేలికే: ఎర్న్డ్ రన్స్‌ని (ఫీల్డర్ల పొరపాట్ల వల్ల వచ్చినవి కానివి) తొమ్మిదితో గుణించి, ఇన్నింగ్స్‌తో భాగించాలి. ఇక్కడ కొత్తవాళ్లు పొరబడే చోటు ఒకటుంది. 5.2 ఇన్నింగ్స్ అంటే ఐదు పాయింట్ రెండు కాదు, ఐదూ రెండు ఔట్లు, అంటే ఐదూ మూడింట రెండు వంతులు. 5.2కి 6.2 కలిపితే 11.4 రాదు, 12.1 వస్తుంది. ఎక్సెల్‌లో నేరుగా కూడితే అన్నీ తప్పులే.

మొదట అనుకున్న 3.30 పిచర్‌నే తీసుకుందాం. పది మ్యాచుల్లో 60 ఇన్నింగ్స్, 22 రన్స్. అందులో ఒక్క రోజే రెండు ఇన్నింగ్స్‌లో ఎనిమిది రన్స్ ఇచ్చాడనుకోండి. ఆ రోజు తీసేస్తే 58 ఇన్నింగ్స్‌కి 14 రన్స్, అంటే 2.17. జూన్‌లోపు ఒక్క చెడ్డ రోజు సీజన్ అంకెను ఇంతగా లాగేస్తుంది. అలాగని ఆ రోజును కొట్టిపారేయమని కాదు. ఆ రోజు బంతి వేగం పడిపోయిందా, లేక మెత్తగా తగిలిన బంతులు ఫీల్డర్ల మధ్య పడ్డాయా అన్నది వెళ్లి చూడాలి. మొదటిదైతే భయపడాలి, రెండోదైతే మర్చిపోవచ్చు.

అవతలి పిచర్ సంగతి ఇంకా ముచ్చటగా ఉంటుంది. 60 ఇన్నింగ్స్, 28 రన్స్, ఈఆర్ఏ 4.20. కానీ అతను ఎదుర్కొన్న 250 మంది బ్యాటర్లలో 65 మందిని స్ట్రైకౌట్ (మూడు స్ట్రైకులతో ఔట్) చేశాడు, 18 వాక్‌లు (నాలుగు చెడ్డ బంతులకు ఉచితంగా ఒక బేస్) ఇచ్చాడు, ఇద్దరికి బంతి తగిలించాడు, ఎనిమిది హోమ్ రన్లు ఇచ్చాడు. స్ట్రైకౌట్ 26 శాతం, వాక్ 7.2 శాతం, తేడా 18.8. లీగ్ సగటు తేడా 14 దరిదాపుల్లో ఉంటుంది. 20 దాటితే మేటి పిచర్ కిందే లెక్క. ఫీల్డర్లతో సంబంధం లేకుండా పిచర్‌ని కొలిచే ఫిప్ కూడా కట్టి చూద్దాం: హోమ్ రన్లను 13తో, వాక్‌లూ బంతి తగిలినవీ కలిపి 3తో గుణించి కూడాలి, అందులోంచి స్ట్రైకౌట్లను రెట్టింపు చేసి తీసేయాలి. 104, 60 కలిపి 164. 130 పోగా 34. దాన్ని 60తో భాగిస్తే 0.57. ఏటా కాస్త మారే స్థిరాంకం 3.10 అనుకుని కలిపితే 3.67. అంటే 4.20 కనిపిస్తున్నవాడు నిజానికి అంతకన్నా మంచి పిచర్. మైదానంలో పడ్డ బంతుల్లో సుమారు 30 శాతం హిట్లవడం మామూలు. ఇతని విషయంలో అది 34 శాతానికి పోయి ఉంటే, వెనకున్న ఫీల్డర్ల లోపమో, దురదృష్టమో కారణమై ఉంటుంది. ఈ ఒక్క లెక్కకే మ్యాచ్ తలకిందులైపోదు గానీ, తేడా మాత్రం అనుకున్నంత లేదని తేలుతుంది.

చేతివాటం సంగతి జాబితాలో ఒక్క అక్షరంగా ఉంటుంది, ప్రభావం మాత్రం పెద్దది. బ్యాటర్‌కి ఎదురు చేతి పిచర్ అయితే బంతి బాగా కనిపిస్తుంది. అయితే ఎడమ, కుడి అని చూసి ఊరుకుంటే చాలదు, ఏ బంతులు వేస్తాడో చూడాలి. కుడిచేతి పిచర్ దగ్గర ఫాస్ట్‌బాల్, స్లైడర్ రెండే ఉన్నాయనుకోండి. కుడిచేతి బ్యాటర్‌కి ఆ స్లైడర్ దూరంగా జారిపోతుంది, బ్యాట్ గాలిని కొడుతుంది. అదే స్లైడర్ ఎడమచేతి బ్యాటర్‌కి లోపలికి, బ్యాట్ తిరిగే దారిలోకే వస్తుంది. దాన్ని తట్టుకోవడానికే ఛేంజప్ అనే నెమ్మది బంతి కావాలి. అది ఎడమచేతి బ్యాటర్‌కి దూరంగా జారి కిందికి పడుతుంది. ఛేంజప్ లేని కుడిచేతివాడి ముందుకి ఐదారుగురు ఎడమచేతి, స్విచ్ (రెండు వైపులా ఆడే) హిట్టర్లున్న ఆర్డర్ వస్తే, అతని ఈఆర్ఏ ఎంత అందంగా ఉన్నా అనుమానించండి. ప్రసారంలో తెగ చూపించే 'ఈ పిచర్ మీద ఈ బ్యాటర్ 15కి 7' లాంటి లెక్కల్ని మాత్రం పట్టించుకోకండి. పదిహేను అవకాశాలు, అవీ మూడేళ్లలో. అందులో ఏమీ లేదు.

ఎంతసేపు ఉంటాడన్నది తర్వాతి ప్రశ్న. ఇన్నింగ్స్‌కి సుమారు 16 బంతులు, హద్దు 90-95 అనుకుంటే ఐదున్నర, ఆరు ఇన్నింగ్స్. బ్యాటింగ్ ఆర్డర్ మూడోసారి తిరిగి వచ్చేసరికి బ్యాటర్లకి అతని బంతులన్నీ తెలిసిపోతాయి, మేనేజర్లకీ ఆ విషయం తెలుసు. 2020 వరల్డ్ సిరీస్ ఆరో మ్యాచ్‌లో తొమ్మిది స్ట్రైకౌట్లతో దున్నేస్తున్న బ్లేక్ స్నెల్‌ని 73 బంతులకే టాంపా బే రేస్ మేనేజర్ కెవిన్ క్యాష్ తప్పించేశాడు. వెంటనే ఆధిక్యం పోయింది, టైటిలూ పోయింది. ఆ నిర్ణయాన్ని ఇప్పటికీ తిట్టేవాళ్లున్నారు, కానీ లీగంతా నడుస్తున్నది ఆ దారిలోనే. గాయం నుంచి తిరిగి వస్తున్నవాడైతే మైనర్ లీగ్‌లో చివరి రిహాబ్ మ్యాచ్‌లో ఎన్ని బంతులు వేశాడో చూడండి. అక్కడ 60 వేస్తే ఇక్కడ 75 మించి ఆశించడం వృథా.

స్టార్టర్ ఐదు ఇన్నింగ్స్‌కే తప్పుకుంటే మిగతా నాలుగు బుల్‌పెన్‌వి, అంటే తర్వాత వచ్చే రిలీవర్లవి. 26 మంది జట్టులో పిచర్లు 13 మందికి మించకూడదు. ఐదుగురు స్టార్టర్లు పోతే మిగిలేది ఎనిమిది మంది. గత మూడు రోజుల బాక్స్ స్కోర్లు (మ్యాచ్ అంకెల పట్టికలు) తీసి ఎవరెవరు వేశారో రాసుకోండి. వరసగా రెండు రోజులు వేసిన రిలీవర్‌ని మూడో రోజు దించడం అరుదు. నిన్న 13 ఇన్నింగ్స్ మ్యాచ్ ఆడిన జట్టు ఈ రోజు తన స్టార్టర్‌ని దెబ్బలు తింటున్నా అక్కడే ఉంచేస్తుంది, వేరే దారి ఉండదు మరి.

జాబితాలో ఉన్న పేరే అబద్ధం చెప్పే సందర్భం ఓపెనర్. 2018 మే 19న ఏంజెల్స్ మీద రేస్ తమ రిలీవర్ సెర్జియో రోమోతో మ్యాచ్ మొదలుపెట్టించింది. అతను మొదటి ఇన్నింగ్స్‌లో ముగ్గుర్నీ స్ట్రైకౌట్ చేసి దిగిపోయాడు. అసలు భారం తర్వాత వచ్చిన ర్యాన్ యార్‌బ్రో మోశాడు. మర్నాడు మళ్లీ రోమోయే స్టార్టర్! కాబట్టి స్టార్ట్ చేసేవాడు మామూలుగా ఒక ఇన్నింగ్ రిలీవర్ అయితే అతని ఈఆర్ఏని వదిలేసి, రెండో ఇన్నింగ్స్ నుంచి వచ్చేవాడెవరో వెతకండి. పేరుకు బదులు టీబీడీ (ఇంకా తేలలేదు) అని ఉంటే చాలాసార్లు అర్థం, మైనర్స్ నుంచి ఎవర్నో పిలుస్తున్నారు, ఇంకా జట్టులో చోటు ఖాళీ చేయలేదని. లేదా రోజంతా బుల్‌పెన్‌తోనే నెట్టుకొస్తారని.

మైదానం గురించి రెండే ముక్కలు. డెన్వర్‌లోని కూర్స్ ఫీల్డ్ సుమారు 5,200 అడుగుల ఎత్తున ఉంది. పల్చటి గాలిలో కొట్టిన బంతి దూరం పోతుంది, కర్వ్‌బాల్ తక్కువ వంగుతుంది. అక్కడ కర్వ్ మీద బతికే పిచర్ కష్టం రెట్టింపు. షికాగోలోని రిగ్లీ ఫీల్డ్‌లో మాత్రం ఆ రోజు గాలి లోపలికి వీస్తోందా బయటికా అన్నది చూడకుండా ఏమీ చెప్పకూడదు.

వాన సూచన ఉంటే ఇంకో చిక్కు. ఆట గంట సేపు ఆగితే చల్లబడిన చేత్తో స్టార్టర్‌ని మళ్లీ పంపడం దాదాపు ఉండదు. మ్యాచ్ రద్దయి డబుల్‌హెడర్‌గా (ఒకే రోజు రెండు మ్యాచులుగా) మారితే ఆ వారం వరుసంతా జరిగిపోతుంది, మీరు వేసుకున్న శుక్రవారం లెక్క కూడా.

బ్యాటింగ్ ఆర్డర్లు మ్యాచ్‌కి మూడు నాలుగు గంటల ముందు వస్తాయి. అవి వచ్చాక ఒకసారి క్యాచర్ (పిచర్ వేసిన బంతిని బ్యాటర్ వెనక అందుకునేవాడు) పేరు చూడండి. రాత్రి మ్యాచ్ ఆడిన మర్నాడు పగటి మ్యాచ్ ఉంటే రెగ్యులర్ క్యాచర్ చాలావరకు కూర్చుంటాడు. స్ట్రైక్ జోన్ అంచున పడే సింకర్లతో (కిందికి దిగే బంతులతో) నెట్టుకొచ్చే పిచర్‌కి, ఆ అంచు బంతుల్ని స్ట్రైక్‌గా చూపించలేని రెండో క్యాచర్ దొరికితే, రెండు బంతుల్లో తేలాల్సిన కౌంట్లు ఐదారు బంతులకు సాగుతాయి. అప్పుడు ఆ 90 బంతులు నాలుగో ఇన్నింగ్స్‌కే అయిపోతాయి.